అమ్మా బిడ్డల కథతో 16 పేజీల బొమ్మల పుస్తకం: ఇంట్లోనే ఎలా తయారు చేయాలి?

మా పాప కోసం నేను కుట్టిన చిన్న బొమ్మల పుస్తకం చూసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: "ఇలాంటిది మేమూ చేయాలంటే ఎలా?" ఆ వెంటనే రెండో మాట: "నాకు బొమ్మలు వేయడం రాదు కదా!" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

బొమ్మలు రాకపోవడం గురించి టెన్షన్ పెట్టుకోకండి. ఇంట్లో చేసే పుస్తకాలు చెడేది ఎక్కువగా కథ దగ్గరే. నా మొదటి పుస్తకంలో "సముద్రమంత ప్రేమ, ఆకాశమంత ప్రేమ" అని రాసుకున్నాను. చదువుతుంటే నాకు గొంతు పూడుకుపోయింది. పాప మాత్రం మూడో పేజీకే లేచి వెళ్లిపోయింది. మనసు చివుక్కుమంది కానీ, తప్పెక్కడుందో అప్పుడే తెలిసింది. అది పాప కోసం రాసిన పుస్తకం కాదు, నా కోసం రాసుకున్నది. ప్రేమ ఎంత పెద్దదో కొలిచి చెబితే పిల్లలకు ఏమీ అందదు. అమ్మా తనూ కలిసి రోజూ చేసే ఒక చిన్న పని పేజీలో కనిపిస్తే చాలు, వెంటనే గుర్తుపడతారు.

ఇక్కడ చెప్పేది 2 నుంచి 6 ఏళ్ల పిల్లల పుస్తకం గురించి. అంతకంటే చిన్న పిల్లల సంగతి చివర్లో రాశాను.

కావాల్సినవి

- 120 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటుందో చెప్పే లెక్క) మందం ఉన్న ఎ4 కాగితాలు 4, పాడైతే మార్చుకోవడానికి ఇంకో 4. మామూలు ప్రింటర్ కాగితం పలచన, వెనక వేసిన బొమ్మ ముందుకు కనిపిస్తుంది.
- అట్టకి 200 నుంచి 250 జీఎస్‌ఎం మందపు కాగితం ఒకటి. అది ఎ4 కంటే కాస్త పెద్దదైతే మంచిది.
- డమ్మీ (ముందుగా చేసి చూసుకునే నమూనా పుస్తకం) కోసం నాలుగు పాత కాగితాలు
- పెన్సిల్, రబ్బరు, రంగు పెన్సిళ్లు
- గట్టి దారం 60 సెంటీమీటర్లు, లావుపాటి సూది, స్కేలు, రెండు క్లిప్పులు

స్టేప్లర్ వద్దు. పిన్ను ఊడితే చిన్న పిల్లల నోట్లోకి పోతుంది.

1. ఒక్క పని పట్టుకోండి

కలం పట్టే ముందు మూడు రోజులు ఊరికే గమనించండి. మీ బిడ్డ మీతో మాత్రమే చేసే పని ఏమిటి? మీరు చేయించేది కాదు, తనంతట తాను చేసేది. చెప్పులేసుకునేటప్పుడు మీ భుజం పట్టుకుంటుందేమో. మీరు బయటి నుంచి రాగానే సంచిలో తల దూర్చి చూస్తుందేమో. కనిపించినవన్నీ ఒక్కో వాక్యంగా రాసుకోండి. మూడు రోజులయ్యాక వాటిలో ఒక్కటే ఉంచండి.

మా పాప చిటికెన వేలు పట్టుకుంటేనే నిద్రపోయేది. చేయి మొత్తం ఇచ్చినా వద్దు, చిటికెన వేలే కావాలి. చీకట్లో నా చేయంతా తడిమి, బొటనవేలి నుంచి ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్లి, చివరిది దొరకగానే "ఆఁ" అని ఒక చిన్న నిట్టూర్పు. నా కథ అదే. ఇకపై ఉదాహరణలన్నీ దాని నుంచే ఇస్తాను. మీ కథ మీ ఇంట్లోంచే రావాలి.

మీరు ఎంచుకున్న పని సరైనదేనా అని తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు వేసుకోండి.

*బొమ్మలో కనిపిస్తుందా?* "అమ్మ నన్ను అర్థం చేసుకుంటుంది" అన్నది బొమ్మకి లొంగదు. "అమ్మ నా చెప్పు తిప్పి పెడుతుంది" అన్నది లొంగుతుంది.

*ఒక రోజు అది జరగకపోతే బిడ్డకి తేడా తెలుస్తుందా?* తెలిస్తే కథ దొరికినట్టే. జరగాల్సింది జరగకపోవడం, మళ్లీ దొరకడం, ఈ రెంటి మధ్య ఉన్నదే కథ. దాదాపు 8 నెలల వయసు నుంచే అమ్మ కనపడకపోతే పిల్లలకు బెంగ మొదలవుతుంది. కాబట్టి ఇది వాళ్లకు బాగా తెలిసిన బాధ. మీరు కొత్తగా ఏమీ భయపెట్టడం లేదు.

ఎక్కువమంది ఇక్కడ చేసే పొరపాటు, పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా అమ్మ చేసే పనులన్నీ వరసగా పెట్టేయడం. స్నానం, అన్నం, బడి, ఆట, నిద్ర. అది టైంటేబుల్ అవుతుంది తప్ప కథ కాదు. ఏ పేజీ తీసేసినా లోటు తెలియడం లేదంటే మీరూ అదే చేశారన్నమాట.

2. కథని ఏడు జంట పేజీలకు పంచండి

అచ్చులో వచ్చే బొమ్మల పుస్తకాలకు ఎక్కువగా 32 పేజీలుంటాయి. పెద్ద షీట్లు మడిచి కత్తిరిస్తారు కాబట్టి పేజీలు 8, 16, 32 లెక్కలో వస్తాయి. ఇంట్లో మొదటిసారికి 16 చాలు. ఒకటో పేజీకి పేరు. 2-3 నుంచి 14-15 వరకు ఏడు జంటలు, అంటే పుస్తకం తెరిస్తే పక్కపక్కనే కనిపించే రెండేసి పేజీలు. 16వ పేజీ ఒంటరిగా చివర.

నా పంపకం ఇలా వచ్చింది:

- 1: పేరు, ఒక చిన్న వేలి బొమ్మ
- 2-3: రాత్రయింది. పాప పడుకుంది. కానీ నిద్ర రావాలంటే పాపకి ఒకటి కావాలి. ఏంటది?
- 4-5: అమ్మ చిటికెన వేలు!
- 6-7: అమ్మకి పనుంది. "వస్తున్నా తల్లీ!" పాప దుప్పటి కొస పట్టుకుంది. మెత్తగా ఉంది. బొమ్మ చేయి పట్టుకుంది. అదీ మెత్తగానే ఉంది. కానీ తిరిగి పట్టుకోదు.
- 8-9: మాటల్లేవు. చీకటి గది, తలుపు సందులోంచి ఒక వెలుగు గీత.
- 10-11: టప్ టప్ టప్. ఎవరో వస్తున్నారు. ఎవరు?
- 12-13: అమ్మ! వేలు దొరికింది. కానీ... చల్లగా ఉందే!
- 14-15: పాప రెండు చేతులతో పట్టుకుంది. ఉఫ్. ఉఫ్. ఉఫ్.
- 16: అమ్మ నిద్రపోయింది.

ఇందులో మీరు గమనించాల్సినవి రెండున్నాయి.

మొదటిది, ప్రశ్న ఎప్పుడూ కుడి పేజీ చివర ఉంది. జవాబు పేజీ తిప్పాకే వస్తుంది. పేజీ తిప్పేది బిడ్డ చేయి కాబట్టి అమ్మని వెతికి పట్టుకున్నది కూడా తనే అవుతుంది. ప్రశ్న ఎడమ పేజీలో, జవాబు కుడి పేజీలో పెడితే రెండూ ఒకేసారి కంటపడి ఆ సంబరమంతా పోతుంది.

రెండోది 14-15. అక్కడ పాప అమ్మకి ఏదో ఇస్తోంది. అమ్మా బిడ్డల పుస్తకాల్లో ఇచ్చేది ఎప్పుడూ అమ్మే, తీసుకునేది బిడ్డే. ఒక్క పేజీలోనైనా దాన్ని తిరగేయండి. నేను రాసినవాటిలో పాప మళ్లీ మళ్లీ చదివించుకున్న పేజీ ఇదే, ఇప్పటికీ అక్కడ నా వేలు లాక్కుని ఊదుతుంది.

3. మాటలు తగ్గించండి

మొదటి రాతలో నాకు 240 మాటలు వచ్చాయి. చివరికి 60 కూడా మిగల్లేదు. తగ్గించడానికి ఒక సులువుంది: బొమ్మలో కనిపించేదాన్ని మాటల్లో చెప్పకండి. బొమ్మలో చీకటి ఉంటే "గదంతా చీకటిగా ఉంది" అన్న వాక్యం అక్కర్లేదు. బొమ్మలో కనిపించని వాటికే మాటలు ఉంచండి: చప్పుడు, చల్లదనం, మెత్తదనం, మనసులో అనుకున్న మాట.

తర్వాత ఈ మూడూ చూసుకోండి.

- "ప్రేమ", "త్యాగం", "దేవత" లాంటి మాటలు ఎక్కడున్నా కొట్టేయండి. కొట్టేశాక ఆ పేజీ బోసిపోయినట్టుంటే అక్కడ జరిగేదేమీ లేదని అర్థం. అప్పుడు మాట మార్చి లాభం లేదు, బొమ్మలో జరిగేది మార్చాలి.
- మీ ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే రాయండి. "పాప నిద్రించెను" అని ఎవరూ అనరు. మీరు బిడ్డని నాన్నా అంటారా, తల్లీ అంటారా, బంగారం అంటారా? పుస్తకంలో అమ్మ నోట అదే పిలుపు రావాలి.
- పైకి చదవండి. నాలుక తట్టుకున్న చోట వాక్యం విరిచేయండి.

4. డమ్మీ చేసి, ముందు దాన్నే చదవండి

ఈ మెట్టు దాటేసి నేరుగా మంచి కాగితం మీద మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ మధ్యలో ఆగిపోయారు. గంట పని. దయచేసి వదలకండి.

నాలుగు పాత కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పొడవు సగమయ్యేలా మడవండి. చిన్న పుస్తకం వచ్చింది కదా. మడిచి ఉండగానే 1 నుంచి 16 దాకా నంబర్లు వేయండి. ఇప్పుడు విప్పి చూడండి. బయటి కాగితం మీద ఒక వైపు 16, 1 ఉంటాయి, దాని వెనక 2, 15. రెండో కాగితం మీద 14, 3, వెనక 4, 13. మూడోదాని మీద 12, 5, వెనక 6, 11. లోపలిదాని మీద 10, 7, వెనక 8, 9. ఒక వైపున్న రెండు నంబర్లు కలిపితే ఎప్పుడూ 17 రావాలి. రాకపోతే నంబర్లు తప్పాయి.

ఒకే కాగితం మీద పక్కపక్కనే వచ్చే జంట 8-9 ఒక్కటేనని గుర్తుపెట్టుకోండి. మిగతా జంటల్లో ఎడమ పేజీ ఒక కాగితం మీద, కుడి పేజీ ఇంకో కాగితం మీద ఉంటాయి. అందుకే రెండు పేజీలూ నిండే పెద్ద బొమ్మ ఏదైనా 8-9లోనే పెట్టండి. నా చీకటి గది అక్కడికి రావడానికి కారణం అదే. వేరే జంటలో పెడితే కుట్టాక గీతలు కలవవు.

డమ్మీలో గీతల మనుషులు చాలు. మాటలు పెన్సిల్‌తో రాసి, బిడ్డని ఒళ్లో కూర్చోబెట్టుకుని చదవండి. "బాగుందా?" అని అడగకండి. పిల్లలు మన మొహం చూసి జవాబు చెబుతారు. చదువుతూ గమనించండి:

- ప్రశ్న ఉన్న పేజీలో చేయి పేజీ అంచుకి వెళ్తోందా? వెళ్తే ఆ మలుపు పనిచేస్తోంది.
- ఎక్కడ రెండు పేజీలు కలిపి తిప్పేస్తోంది? అక్కడ సాగదీశారు.
- ఎక్కడ పేజీ వదిలేసి మీ మొహం చూస్తోంది? ఆ వాక్యం బహుశా పెద్దవాళ్ల కోసం రాసింది.
- అయిపోయాక "మళ్లీ" అంటోందా? రెండోసారి చదివేటప్పుడు మీకంటే ముందే ఏ మాట అందుకుంటోంది? ఆ మాట ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చకండి.

మరుసటి రోజు మళ్లీ చదవండి. ఒక్క రోజుతో ఏదీ తేల్చకండి, ఆ రోజు తనకి నిద్ర వస్తుండొచ్చు, చిరాకుగా ఉండొచ్చు.

5. బొమ్మలు

బొమ్మలు రానివాళ్లకి దారులు చాలానే ఉన్నాయి. రంగు కాగితాలు చించి అతికించవచ్చు. చేతిని కాగితం మీద పెట్టి చుట్టూ గీయవచ్చు. చేతుల కథ అయితే నిజంగా అదే అందం. ఫొటోలు కూడా వాడొచ్చు. కాకపోతే కెమెరా వైపు చూసి నవ్వే ఫొటోలు వద్దు, పనిలో ఉన్నప్పుడు తీసినవి తీసుకోండి. కళ్లకి రెండు చుక్కలు, నోటికి ఒక గీత ఉన్న మొహాన్ని కూడా పిల్లలు అమ్మగా ఒప్పుకుంటారు.

దేన్ని ఎంచుకున్నా ఈ నాలుగూ మరవొద్దు.

*ముందు ఒక విడి కాగితం మీద అమ్మనీ బిడ్డనీ నిలబెట్టి గీసుకోండి.* జుట్టు, బట్టల రంగు, ఎత్తు అందులో ఉండాలి. ప్రతి పేజీకీ దాన్నే చూసి వేయండి. నేను ఈ కాగితం లేకుండా మొదలుపెట్టి ఒక పేజీలో అమ్మ జడ ఎడమ భుజం మీద, తర్వాతి పేజీలో కుడి భుజం మీద వేశాను. పాప వేలుపెట్టి చూపించి, "ఈమె ఇంకో అమ్మా?" అని అడిగింది. మనకి కనిపించనివి పిల్లలకి కనిపిస్తాయి.

*బిడ్డ కళ్ల ఎత్తు నుంచి చూడండి.* నేల మీద కూర్చుని మీ గదిని ఒకసారి చూస్తే తెలుస్తుంది. తలుపు ఎంతో ఎత్తు, మంచం ఒక గోడ, దూరంగా ఉన్న అమ్మ అంటే ముందు కాళ్లే.

*అన్ని పేజీల్లోనూ నవ్వు వద్దు.* 8-9లో బిడ్డ దిగులుగా ఉంటేనే 12-13లో వచ్చే నవ్వుకి విలువ. అలాగే అమ్మ అలసిపోయి కనిపించినా ఫర్వాలేదు, బిడ్డకి ఆ మొహం తెలుసు.

*మడతకి రెండు వైపులా ఒక్కో సెంటీమీటరు ఖాళీ వదలండి.* మొహాలు, చేతులు అక్కడ పడితే కుట్టులోకి పోతాయి. బయటి అంచుల దగ్గర కూడా సెంటీమీటరున్నర వదిలితే చివర్లో కత్తిరించినా బొమ్మ తెగదు.

రంగుల విషయంలో జాగ్రత్త. స్కెచ్ పెన్నులు వెనక్కి ఇంకుతాయి. నీళ్ల రంగులకి ఈ కాగితం ముడతలు పడుతుంది. మైనపు క్రేయాన్లు ఎదుటి పేజీకి అంటుకుంటాయి. అందుకే రంగు పెన్సిళ్లు చెప్పాను. నీళ్ల రంగులే ఇష్టమైతే బొమ్మలు విడిగా మందపాటి కాగితం మీద వేసి, ఆరాక కత్తిరించి అతికించుకోండి.

6. అక్షరాలు

చేత్తో రాస్తే అక్షరం ఎత్తు 8 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడండి. కంప్యూటర్‌లో టైప్ చేస్తే 22 నుంచి 26 పాయింట్లు. తెలుగులో ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, కనీసం ఒకటిన్నర రెట్లు. అలంకారాల ఫాంట్లు మానేయండి. మాట మధ్యలో విరిచి కింది వరసకి తేవద్దు. చీకటి రంగు మీద నల్లటి అక్షరాలు అస్సలు కనపడవు, కాబట్టి రంగు వేయకముందే మాటలకి తెల్లటి చోటు గీసి పెట్టుకోండి.

ప్రింట్ తీసేటట్టయితే రెండు వైపుల ప్రింటింగ్‌లో, కాగితం పొట్టి అంచు వైపు తిరిగే ఆప్షన్ ఎంచుకోండి. లేకపోతే వెనక పేజీలు తలకిందులుగా వస్తాయి. ముందు ఒక్క కాగితం తీసి సరిచూసుకున్నాకే మిగతావి.

7. కుట్టడం

1. నాలుగు కాగితాలూ వరసలో పెట్టి మడిచి, అట్టని కూడా మడిచి వాటికి తొడగండి. జరగకుండా పైనా కిందా క్లిప్పులు పెట్టండి.
2. మడత పొడవు 21 సెంటీమీటర్లు. పైనుంచి 4, 10.5, 17 సెంటీమీటర్ల దగ్గర మూడు గుర్తులు పెట్టి, సూదితో బయటిదాకా రంధ్రాలు చేయండి.
3. మధ్య రంధ్రంలోంచి సూదిని లోపలి నుంచి బయటికి తీయండి. లోపల 8 సెంటీమీటర్ల దారం వదిలేయండి.
4. బయట పైకి వెళ్లి, పై రంధ్రంలోంచి లోపలికి.
5. లోపల మధ్య రంధ్రాన్ని దాటేసి, కింది రంధ్రంలోంచి బయటికి.
6. మళ్లీ మధ్య రంధ్రంలోంచి లోపలికి.
7. ఇప్పుడు దారం రెండు కొసలూ లోపలి పొడవాటి కుట్టుకి చెరో వైపు ఉండాలి. దాని మీదుగా రెండు ముళ్లు వేసి, కొసలు సెంటీమీటరు ఉంచి కత్తిరించండి.

రెండు కొసలూ ఒకే వైపు ఉంటే కుట్టు వారం తిరక్కుండానే వదులైపోతుంది. దారం లాగేటప్పుడు మడతకి సమాంతరంగా లాగండి, పైకి లాగితే కాగితం చిరుగుతుంది.

చివరిగా మధ్య పేజీలు ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. అది తప్పు కాదు, మడతల మందం వల్ల వస్తుంది. స్కేలు పెట్టి అంచు సమంగా కోయండి. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే కళ్లకి గుచ్చుకోవు.

సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే పుస్తకాన్ని 8-9 దగ్గర తెరిచి బల్ల మీద వదలండి. తనంతట తాను తెరుచుకుని ఉంటే కుట్టు బాగున్నట్టు. మూసుకుపోతుంటే ముడి మరీ బిగిసింది, విప్పి మళ్లీ వేయండి.

ఎక్కువమంది అడిగినవి

*అమ్మ ఉద్యోగం వల్ల దూరంగా ఉంటే?* ఫోన్‌లో ఇద్దరూ కలిసి చేసే పని ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్నే తీసుకోండి. "రేపే వచ్చేస్తుంది" లాంటి మాట మాత్రం రాయకండి, అది నిజం కాని రోజు బిడ్డ పుస్తకాన్ని కూడా నమ్మదు.

*పెంచేది నాన్నో అమ్మమ్మో అయితే?* ఆ పిలుపుతోనే, వాళ్ల చేతులతోనే పుస్తకం చేయండి. మిగతా మెట్లేవీ మారవు.

*అమ్మ చనిపోయిన ఇంట్లో?* బిడ్డకి గుర్తున్న ఒక పని తీసుకోండి. అమ్మతో చేసినది ఒక జంట పేజీలో, ఇప్పుడు అదే పని ఎవరితో చేస్తోందో ఇంకో జంటలో. "నిద్రపోయింది", "ఊరెళ్లింది" అని రాయొద్దు. చిన్నపిల్లలు మాటని ఉన్నదున్నట్టే తీసుకుంటారు, నిద్రంటేనే భయపడతారు. నా పుస్తకంలోని 16వ పేజీ అలాంటి ఇంటికి అస్సలు పనికిరాదు.

*ఇద్దరు పిల్లలుంటే?* రెండు పుస్తకాలు చేయండి. ఒకరి అలవాటు ఇంకొకరి పుస్తకంలో ఉంటే ఇద్దరికీ తగువే.

*ఏడాది లోపు పిల్లలకి?* 6 పేజీలు చాలు. పేజీకి ఒకే మొహం, నలుపు తెలుపుల్లో పెద్దగా. పుట్టిన కొత్తలో పిల్లల చూపు బాగా ఆనేది 20, 30 సెంటీమీటర్ల దూరంలోనే, కాబట్టి పుస్తకం దగ్గరగా పట్టుకోండి. పుట్టి మూడు రోజులు కూడా నిండని పిల్లలు పరాయి గొంతు కంటే అమ్మ గొంతునే ఎంచుకుంటారని 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో తేలింది. కాబట్టి ఆ వయసులో పుస్తకంలో ఏముందన్నదాని కంటే మీరు చదవడమే ముఖ్యం. కాగితం నోట్లో పెట్టుకుంటారు కనుక మెత్తటి నూలు గుడ్డ మీద కుట్టినది మేలు. గుండీలు, పూసలు కుట్టకండి.

*పుస్తకం చిరిగిపోతే?* అందుకే కుట్టే ముందు ప్రతి పేజీనీ 300 డీపీఐలో (స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే కొలత) స్కాన్ చేసి ఉంచుకోండి. నేను చేయలేదు. 12వ పేజీ చిరిగితే మళ్లీ గీయాల్సి వచ్చింది, పాప దాన్ని ఒప్పుకోలేదు. పాతదే అతికించి ఇమ్మంది. ఇప్పుడది పారదర్శక టేపుతో రెండు ముక్కలు కలిపి ఉంది, చదివేటప్పుడు ఆ అతుకు మీద వేలు పెట్టుకునే వింటుంది.